దయ్యాలున్నాయనే పాత దివాణాన్ని చూడాలంటే

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఒకప్పుడు జమీందారీ ఉన్న ఊరు ఏదైనా తీసుకోండి. ఊరి చివరో చెరువు గట్టునో పెచ్చులూడిన దివాణమో బంగళానో ఒకటి ఉంటుంది. దానికో కథ కూడా ఉంటుంది. అమావాస్య రాత్రి మేడమీద గజ్జెల చప్పుడు, నూతి దగ్గర తెల్లచీర, తాళం వేసిన గదిలోంచి దగ్గు. ఆ కథ విని ఒకసారి చూసి రావాలనుకునేవారి కోసం ఇది రాస్తున్నాను. దయ్యం ఉందా లేదా అన్న వాదనలోకి నేను దిగను. నాకు ఆ వాదన కంటే ఆ ఇంటి మీద మమకారం ఎక్కువ.

దీపం పెట్టని ఇంట్లో దయ్యాలు చేరతాయని మన పెద్దలంటారు. ఆ మాట పట్టుకుని బయలుదేరండి. ఈ ఇంట్లో దీపం ఎప్పుడు ఆరింది, ఎందుకు ఆరింది? అక్కడ తెలుసుకోవలసింది అదే. ఇంటి కథ అంతా ఆ రెండు ప్రశ్నల చుట్టూనే ఉంటుంది, దయ్యం కథతో సహా.

ముందు ఇంటి వయసు తెలుసుకోండి

ఏమీ తెలియకుండా వెళ్తే మీకు కనిపించేది శిథిలం మాత్రమే. కాబట్టి రెండు సంవత్సరాలు గుర్తుంచుకోండి. 1802లో ఉత్తర సర్కారుల్లో శాశ్వత శిస్తు పద్ధతి వచ్చింది. జమీందారు ఈస్టిండియా కంపెనీకి ఏటా ఇంత పేష్కష్ (కప్పం) కట్టాలని ఖాయమైంది. మిగిలిన రాబడి దివాణానిది. మీరు చూడబోయే మేడలు, ఠాణాలు (జమీందారీ కచేరీలు), గుర్రపుశాలలు చాలావరకు ఆ తరువాతి కాలంలో లేచినవే. 1948లో మద్రాసు ప్రభుత్వం ఎస్టేట్ల రద్దు చట్టం తెచ్చింది. శిస్తు రాబడి పోయింది. అంత పెద్ద ఇంటికి ఏటా సున్నం వేయించే స్తోమత పోయింది. పిల్లలు చదువులకని విశాఖపట్నమో మద్రాసో వెళ్లారు. ఇల్లు గుమస్తా చేతికి, అక్కడి నుంచి కాపలావాడి చేతికి, చివరికి తాళంకప్పకు మిగిలింది. ఊళ్లో అడిగితే చాలా దయ్యం కథలు ఆ తాళం పడిన తరువాతే మొదలయ్యాయని తెలుస్తుంది.

పాత కాగితాలు వెతికేవారు జిల్లా పేర్ల దగ్గర జాగ్రత్తగా ఉండాలి. శ్రీకాకుళం, టెక్కలి వైపు ఊళ్లు 1936 దాకా గంజాం జిల్లాలో ఉండేవి. ఒరిస్సా ఏర్పడినప్పుడు అవి విశాఖపట్నం జిల్లాలో కలిశాయి. శ్రీకాకుళం జిల్లా 1950 ఆగస్టు 15న, విజయనగరం జిల్లా 1979 జూన్ 1న ఏర్పడ్డాయి. అందుకని టెక్కలి దగ్గరి ఊరి పాత సంగతి కావాలంటే గంజాం జిల్లా మాన్యువల్లో చూడాలి. విజయనగరం, బొబ్బిలి వైపు ఊళ్లకైతే విశాఖపట్నం జిల్లా గెజిటీరులో వెతకాలి. జిల్లా గ్రంథాలయంలో ఒక పూట కూర్చుంటే ఆ ఎస్టేటు పేరు, ఎప్పుడు వేలానికి వచ్చింది, ఎవరు కొన్నారు అన్నంత వరకైనా దొరికే అవకాశం ఉంది.

ఇంకో పని కూడా ముందే చేయండి. పాడుబడిన ఇంటికి వెళ్లే ముందు బాగోగులు చూసుకునే కోటను చూడండి. 1713లో పునాది పడిన విజయనగరం కోటలో ఇప్పుడు మాన్సాస్ ట్రస్టు విద్యాసంస్థలు నడుస్తున్నాయి. విజయనగరం రాజవంశానికి చెందిన పి.వి.జి. రాజుగారు 1958లో ఆ ట్రస్టును స్థాపించారు. లోపల 1869లో కట్టిన మోతీ మహల్ ఉండేది. విజయనగరం దగ్గరి కోరుకొండలో రాజుగారి భవనం 1962లో సైనిక్ స్కూలుకు నెలవైంది. గంట కొడితే పిల్లలు పరుగెత్తే కోటలో గజ్జెల చప్పుడుకు చోటుండదు. అదే కాలపు సున్నం, అదే తరహా టేకు, అదే ఎత్తు గోడలు. ఒకచోట చదువు సాగుతోంది, ఇంకోచోట తలుపు మూసి ఉంది. ఆ తేడా కళ్లకు ఆనాక దివాణానికి వెళ్తే మీ చూపే వేరుగా ఉంటుంది.

అనుమతి లేకుండా గడప తొక్కవద్దు

పాడుబడిందంటే దిక్కులేనిదని అర్థం కాదు. ప్రతి ఇంటికీ ఎక్కడో ఒక వారసుడు ఉంటాడు. పన్ను రశీదు ఎవరో ఒకరి పేరు మీద ఉంటుంది. యజమాని ఎవరో గ్రామ సచివాలయంలో గానీ వీఆర్వోను గానీ అడగండి. ఊళ్లో తాళంచెవి ఎవరి దగ్గరుందో అడిగినా చాలు, దారి తెలుస్తుంది. యజమానికి ఫోను చేసినప్పుడు మీ పేరు, ఊరు, ఎంతమంది వస్తున్నారు, ఏ రోజు, ఏ వేళకు అన్నది స్పష్టంగా చెప్పండి. దయ్యం మాట మొదట ఎత్తకండి. ఆ కుటుంబానికి అది తమ అమ్మమ్మో మేనత్తో కన్నుమూసిన ఇల్లు. "మీ ఇంటి కట్టడం చూడాలని ఉందండీ, మీ పెద్దల సంగతులు వినాలని ఉందండీ" అంటే చాలామంది సంతోషంగా తలుపు తీయిస్తారు. దయ్యం సంగతి వాళ్లంతట వాళ్లే చెప్తారు.

వద్దంటే ఊరుకోండి. గోడ దూకితే అక్రమ ప్రవేశమే. భారతీయ న్యాయ సంహిత 329వ సెక్షను కిందికి వస్తుంది. అన్నదమ్ముల మధ్య కోర్టులో ఉన్న ఇల్లయితే ఒక వర్గం పిలిచినా వెళ్లకపోవడమే మంచిది. ఎవరో పాత తలుపు ఎత్తుకుపోతే ఆ నింద మీ మీద పడుతుంది.

ఏ కాలంలో, ఏ వేళలో

నవంబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. అక్టోబరులో వద్దు. 2014లో హుద్‌హుద్ అక్టోబరు 12న తీరం తాకింది. 2018లో తిత్లీ అక్టోబరు 11న పలాస వైపు తీరం దాటింది. ఆ రెండు తుపానులకూ ఈ జిల్లాల్లో పాత కప్పులు ఎంత దెబ్బతిన్నాయో చెప్పనక్కరలేదు. గట్టి వాన పడ్డాక కనీసం వారం ఆగండి. సున్నపు గోడ తడిసినప్పుడు బరువెక్కుతుంది. తరువాత ఎండలో ఆరుతున్నప్పుడు కూడా పెచ్చు విడిచి కూలుతుంది. వాన వెలిసిందని మరునాడే వెళ్లేవాళ్లను చూస్తే నాకు భయం.

ఉదయం తొమ్మిదింటికి లోపల ఉండేలా, మధ్యాహ్నం మూడింటికల్లా బయట పడేలా చూసుకోండి. రాత్రి వెళ్లాలన్న సరదా పూర్తిగా మానుకోండి. దయ్యానికి భయపడి చెప్పడం లేదు. ఆ ఇళ్లలో కరెంటు ఉండదు, నేల ఎక్కడ కుంగిందో కనపడదు, పాము కనపడదు, నుయ్యి కనపడదు. కథలో తెల్లచీర నూతి దగ్గరే ఎందుకు నిలబడిందో ఆలోచించండి. పిల్లలు ఆ నూతి వైపు పోకుండా ఏ మామ్మగారో ఆ చీర అక్కడ ఆరవేసి ఉంటారని నా నమ్మకం. ఆ కథ ఎంతమంది పిల్లల ప్రాణాలు కాచిందో!

పల్లెల్లో బస దొరకదు. విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో దిగి పగటిపూట వెళ్లి రండి. రైల్లో వచ్చేవారికి ఒక మాట. శ్రీకాకుళం రోడ్ స్టేషను ఉన్నది ఆమదాలవలసలో, అక్కడి నుంచి పట్టణానికి బస్సో ఆటోనో ఎక్కాలి. బొబ్బిలి వైపు వెళ్లాలంటే విజయనగరం నుంచి రాయగడ మీదుగా రాయపూర్ వెళ్లే లైనులో దిగవచ్చు. టెక్కలి, పలాస జాతీయ రహదారి మీదే ఉన్నాయి. తిరుగు బస్సు వేళ దిగగానే కండక్టరును అడిగి ఉంచుకోండి.

వెంట ఏమి ఉండాలి

చీలమండలు కప్పే బూట్లు, పొడుగు ప్యాంటు, పొడుగు చేతుల చొక్కా. రెండు టార్చిలైట్లు. గబ్బిలాల రెట్ట దుమ్ము పీల్చకుండా మంచి మాస్కు. నేల తట్టి చూసుకోవడానికి గట్టి వెదురు కర్ర. నీళ్లు, నోటుబుక్కు. అత్తరు, సెంటు పూసుకోకండి, ఎందుకో కింద చెప్తాను. ఒంటరిగా వెళ్లవద్దు, పదిమందిని వెంటేసుకుని కూడా వెళ్లవద్దు. ముగ్గురు చాలు, నాలుగో మనిషి ఊరివాడై ఉండాలి.

ముందు అరుగు, తరువాత దివాణం

ఊళ్లో దిగగానే ఇంటి వైపు నడవకండి. రామకోవెల దగ్గరో టీకొట్టు దగ్గరో ఒక పెద్దాయన కూర్చుని ఉంటారు. అక్కడ ఆగండి. టీ తాగండి. ఎలా మొదలుపెట్టాలంటే:

"తాతగారూ, ఆ మేడలో మనుషులు ఉండగా మీరు చూశారా?"

"చూడకేం బాబూ, మా అయ్య ఆ దివాణంలో బండి తోలేవాడు."

"దసరాకి అక్కడ ఏం చేసేవారు?"

ఇలా అడిగితే మాట దానంతట అదే సాగుతుంది. దసరా నుంచి సంతర్పణకు, సంతర్పణ నుంచి ఆఖరి పెళ్లికి, పెళ్లి నుంచి తాళం పడిన రోజుకు వస్తుంది. దయ్యం చివర్లో వస్తుంది, అప్పటికి మీకు దాని వయసు తెలిసిపోతుంది. నేరుగా "ఇక్కడ దయ్యం ఉందటగా" అంటే ఎదుటివారు రెండే పనులు చేయగలరు. నవ్వి ఊరుకుంటారు, లేదా మీరు కోరుకున్న కథ అప్పటికప్పుడు అల్లి చెప్తారు. రెండూ మీకు పనికిరావు.

విన్నది రాసుకునేటప్పుడు ఎవరు చూశారో, ఎవరి నోట విన్నారో విడివిడిగా రాయండి. "మా పెదనాన్న చూశాడు" వేరు, "చూశారంటారు" వేరు. ఆడవాళ్లను కూడా అడగండి. మగవాళ్లు చెప్పే కథలో కత్తి, నిధి, సొరంగం ఉంటాయి. ఆ ఇంట్లో వంటకో నీళ్లు మోయడానికో వెళ్లిన మామ్మలు చెప్పే కథలో పురుటిలో పోయిన కోడలు, తలుపు వేసి ఉంచిన విధవరాలు, కూతుర్ని చూడకుండా కన్నుమూసిన తల్లి ఉంటారు. నాకు తెలిసినంతలో రెండో రకమే నిజానికి దగ్గర.

ఈ ప్రాంతపు కథల మీద బొబ్బిలి నీడ కూడా ఉంటుంది. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగుల ముందు బొబ్బిలి కోట కూలింది. శత్రువు చేతికి చిక్కకూడదని లోపలి స్త్రీలనూ పిల్లలనూ కోటవాళ్లే చంపుకున్నారు. ఆ కథను బుర్రకథగా, జంగం కథగా తరతరాలు విన్న నేల ఇది. ఎక్కడో చిన్న ఠాణా గోడల వెనక ఆడవాళ్ల ఏడుపు వినిపిస్తుందని ఎవరైనా అంటే, అది ఆ ఇంటిదో బొబ్బిలిదో ఒకసారి ఆలోచించండి. చరిత్ర కూడా ఊరూరా తిరుగుతుంది.

గాలి సోకకుండా ఆ ఇంటి ముందు చెప్పులు విప్పాలని ఊరివాళ్లు చెప్తే చేయండి. వాకిట్లో అమ్మవారి రాయికి పసుపు పూసి ఉంటే దణ్ణం పెట్టి పక్కనుంచి నడవండి. నమ్మకం ఉన్నా లేకపోయినా అతిథి మర్యాద అది.

లోపలికి వెళ్లేటప్పుడు

గడప దగ్గర నిలబడి కళ్లు చీకటికి అలవాటు పడేదాకా ఆగండి. ఈలోగా పైకి చూడండి. దూలాలకు, వసారా చూరుకు పెద్ద తేనెపట్టు ఉందేమో గమనించండి. కొండ తేనెటీగలు ఘాటైన వాసనకు, పొగకు, అరుపులకు రేగుతాయి. సెంటు వద్దన్నది అందుకే. రేగితే ముఖం కప్పుకుని దూరంగా పరుగెత్తండి, నూతిలోకో చెరువులోకో మాత్రం దూకవద్దు.

తరువాత కప్పు. పాత మేడల కప్పు ఎక్కువగా మద్రాస్ టెర్రస్. గోడ నుంచి గోడకు టేకు దంతెలు వేస్తారు. వాటి మీద సన్నటి ఇటుకలను నిలువుగా, ఏటవాలు వరసల్లో గానుగ సున్నంతో పేరుస్తారు. దాని పైన ఇటుక ముక్కలు, సున్నం కలిపి రోజుల తరబడి కర్రలతో దంచుతారు. ఎంత గట్టిదంటే మనిషి పట్టించుకున్నంత కాలం వందేళ్లు నిలుస్తుంది. దాని ప్రాణం మాత్రం దంతె కొసలో ఉంటుంది, అంటే గోడలోకి దూరిన భాగంలో. పైన పగులు పడి నీరు దిగితే మొదట కుళ్లేది అదే. టార్చి వేసి దంతె గోడను కలిసేచోట చూడండి. నల్లగా తేమ మరక, పొడి రాలిన గుర్తు, గోడ చీల్చుకుని వచ్చిన రావి వేరు, వీటిలో ఏది కనిపించినా ఆ గదిలోకి వెళ్లవద్దు. గది నడుమ ఇటుకలు రాలి ఆకాశం కనిపిస్తుంటే పక్క గదిని కూడా నమ్మకండి.

మేడమెట్లు ఎక్కవద్దనే నా సలహా. ఇంటి మనిషి ముందు నడిచి, రోజూ ఎక్కుతున్నామంటేనే, ఒక్కొక్కరుగా ఎక్కండి. గజ్జెలు మోగిన గది పైనే ఉందని చాలామంది ఆగలేరు. కింద నిలబడి వినండి, సరిపోతుంది.

పెరట్లో గడ్డి ఏపుగా పెరిగినచోట కర్రతో తట్టుకుంటూ నడవండి. పాత ఇంటికి ఒకటి కంటే ఎక్కువ నూతులు ఉండడం మామూలే, గట్టు కూలినదాన్ని గడ్డి కప్పేస్తుంది. ఇటుకల గుట్టల్లో చెయ్యి పెట్టవద్దు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి మూడూ ఉండే ప్రాంతం. కట్లపాము కాటు నొప్పి కూడా తెలియకపోవచ్చు, అనుమానం వచ్చినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. కాటు పడిన చోట కోయడం, నోటితో పీల్చడం, తాడు బిగించడం ఏదీ చేయకండి. ఆ కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108కి ఫోను చేయండి. మంత్రగాడి ఇంటి మీదుగా దారి మళ్లించవద్దు.

ఇంటిని చదవడం

ఇప్పుడు అసలు పని. ద్వారబంధం మీద గజలక్ష్మి చెక్కి ఉందా, సంవత్సరం ఉందా చూడండి. మండువా ఉంటే దాని నడుమ నిలబడి వాన నీరు ఎటు పోయేదో గమనించండి. వసారాలో ఏ మూల నేల ఎక్కువ అరిగిందో చూడండి. రైతులు శిస్తు పట్టుకుని నిలబడిన చోటు అదే కావచ్చు.

హాల్లో పైదూలానికి ఇనుప కొక్కేలు ఉంటాయి. ఊళ్లో ఎవరో ఒకరు వేలు చూపి, ఫలానా ఆవిడ ఉరి వేసుకున్నది దీనికే అంటారు. కంగారు పడకండి. కొక్కెం ఒక్కటే ఉందా, వరసగా రెండు మూడు ఉన్నాయా చూడండి. తరువాత అదే వరసలో గోడ పైభాగాన చిన్న రంధ్రం ఉందేమో వెతకండి. రంధ్రం ఉండి, దాని కింది అంచు తాడు రాపిడికి నున్నగా అరిగి ఉంటే అది పంకా కొక్కెం. కరెంటు రాకముందు గుడ్డ కట్టిన పొడవాటి చట్రాన్ని ఆ కొక్కేలకు వేలాడదీసేవారు. తాడు రంధ్రంలోంచి వసారాలోకి పోయేది. అక్కడ ఒక మనిషి కూర్చుని మధ్యాహ్నమంతా, ఒక్కోసారి రాత్రంతా లాగుతూ ఉండేవాడు. ఆ అంచు మీద వేలు పెట్టి చూడండి. దొరగారి నిద్ర కోసం మేలుకున్న ఆ మనిషి పేరు ఏ కాగితంలోనూ ఉండదు. ఉరి కథకు వచ్చినంత మంది ఆ గాడి చూడడానికి రావాలని నా కోరిక.

సొరంగం చూపిస్తే దిగకండి. చాలావరకు అవి మురుగు కాలువలో, ధాన్యం దాచిన నేలమాళిగలో అయి ఉంటాయి. మూసుకుపోయిన చోట గాలి ఆడదు, దిగినవారు స్పృహ తప్పే ప్రమాదం ఉంది.

ఏదైనా వినిపిస్తే

వినిపిస్తుంది. లోపలికి అడుగు పెట్టగానే ఒళ్లు చల్లబడుతుంది, మందపాటి సున్నపు గోడలు బయటి వేడిని లోపలికి రానివ్వవు. సాయంత్రం చల్లబడే వేళ టేకు దూలాలు టక్కుమంటాయి. కప్పు మీద మెత్తని అడుగులు మానుపిల్లివి కావచ్చు, పాత ఇళ్ల అటకలంటే దానికి ఇష్టం. గొంతు నొక్కినట్టు వచ్చే అరుపు, బుసలాంటి శబ్దం తెల్లముఖపు గుడ్లగూబవి. కొన్నిచోట్ల దాన్ని చావుపిట్ట అంటారు, పాపం ఎలుకలు పట్టుకుని బతికే పక్షి. దానిపై రాయి వేయకండి.

ఇవన్నీ తెలిశాక కూడా మీకు గుబులుగా ఉంటే మొహమాటపడకుండా బయటకు వచ్చేయండి. వెంట వచ్చినవారిలో ఒకరు భయపడినా అందరూ బయటకు రావాలి. భయపడినవాళ్లను ఆటపట్టించి లోపల నిలబెట్టడం వల్లనే కాళ్లు విరుగుతాయి.

గదిలో కొత్తగా తవ్విన గొయ్యి, చుట్టూ నిమ్మకాయలు, కుంకుమ, పగలగొట్టిన కుండ కనిపిస్తే అది దయ్యం పని కాదు, గుప్తనిధుల కోసం వచ్చినవాళ్ల పని. ఏమీ ముట్టుకోకండి, వెంటనే బయటకు వచ్చి యజమానికి చెప్పి, 112కు ఫోను చేయండి. భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టమే చెప్తోంది. దయ్యం పేరు చెప్పి ఊరిని ఇంటి దరిదాపులకు రానివ్వకుండా చేసేవాళ్లలో వీళ్లు ముందుంటారు.

వచ్చాక

వీడియో పెట్టే ముందు ఆగండి. ఊరి పేరు, కుటుంబం పేరు పెట్టి "దయ్యాల కొంప" అని ఒక్క ముక్క వదిలితే ఏం జరుగుతుందో చెప్తాను. రాత్రిళ్లు మోటారుసైకిళ్ల మీద గుంపులు వస్తాయి. తాళం పగులుతుంది. చలిమంటకు కిటికీ రెక్కలు కాలతాయి. చివరికి ద్వారబంధమే మాయమవుతుంది. ఇల్లు అమ్ముదామన్నా బాగు చేయిద్దామన్నా ఆ కుటుంబానికి దారులు మూసుకుపోతాయి. కాబట్టి కట్టడం ఫోటోలు పెట్టండి, ఊరి గుర్తులు తీసేయండి. గోడ మీద పేరు గీకడం, పెంకు ముక్కో ఇనుప మేకో గుర్తుగా తెచ్చుకోవడం దొంగతనం కిందే లెక్క.

తీసిన ఫోటోలు అచ్చు వేయించి ఒక కట్ట యజమానికి, ఒక కట్ట కథ చెప్పిన తాతగారికి పంపండి. దంతె కొస కుళ్లిన చోటు, కప్పు పగిలిన చోటు విడిగా ఫోటో తీసి, ఏ గదిదో వెనక రాసి ఇవ్వండి. వానాకాలం లోపు ఆ పగులు మూయించడానికి అయ్యే ఖర్చు, కప్పు కూలాక అయ్యే ఖర్చులో చిన్న భాగం కూడా కాదు. గానుగ సున్నం పని తెలిసిన మేస్త్రి ఎవరైనా మీకు తెలిస్తే ఆ ఫోను నంబరు కూడా ఇవ్వండి. సిమెంటు పూయించవద్దని మాత్రం గట్టిగా చెప్పండి. సున్నపు గోడలోని తేమను సిమెంటు బయటకు పోనివ్వదు, గోడ లోలోపల చితికిపోతుంది.